బొమ్మను విప్పిన బాలుడు

గడచిన వేసవి సెలవుల పిమ్మట బడి తెరచిన రెండవ వారమున ఒక తండ్రి గుడ్డసంచి పట్టుకొని మా ఉపాధ్యాయుల గదికి వచ్చెను. వచ్చి, సంచిలోని వస్తువులను బల్లమీద కుమ్మరించెను. నీలము, నారింజ రంగులు గల ప్లాస్టిక్ తుపాకి యొకటి రెండు చెక్కలుగా విడిపోయి యుండెను. దానితోపాటు ఒక స్ప్రింగు, ఒక రబ్బరు వలయము, గుప్పెడు మరమేకులు, కోసివేసిన ప్లాస్టిక్ ముక్కలు, జానెడు పొడవుగల గొట్టము కూడ బయటపడినవి.

“మాస్టారూ, పండుగకు వాడి మేనమామ కొనిపెట్టిన బొమ్మ ఇది. మావాడు దీన్ని విప్పి, కోసి, మళ్ళీ బిగించి, చెల్లెలి మొహం మీద కొట్టాడు. కంటికి వేలెడు కింద తగిలింది. దేవుడి దయవల్ల కన్ను దక్కింది. అడిగితే, సైన్సు చేస్తున్నాను అంటాడు. మీరు చెప్పే సైన్సు ఇదేనా?” అని ఆయన అడిగెను.

ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి ఆనాడు నేను సరియైన సమాధానము చెప్పలేకపోయితిని. ఇట్టి బొమ్మలు నేడు మన బరంపురము, రాయగడ, జయపురము వీధులలో గూడ దొరకుచున్నవి. మరికొందరు తల్లిదండ్రులకు ఇదే ప్రశ్న కలుగవచ్చును. కావున నా సమాధానమును మన పత్రిక మూలమున అందరి యెదుటను ఉంచుచున్నాను. బొమ్మను విప్పుట తప్పు కాదని నా నమ్మకము. ఒక భాగము ఏల ఉన్నదో తెలియకయే దానిని తీసివేయుట తప్పు. ఆ తెలివిని పిల్లవానికి వాని భాషలో అందింపకుండుట మన తప్పు.

మొదట ఈ వస్తువు చరిత్రను కొంచెము తెలిసికొందము. ఇంటిలో ఆడుకొన్నను దీపములు, కిటికీలు పగులని నురుగు బంతిని 1969లో అమెరికాలోని పార్కర్ బ్రదర్స్ సంస్థ “నేర్ఫ్” అను పేరుతో అమ్మకమునకు తెచ్చెను. దానిని ఊహించినవాడు రెయిన్ గయ్యర్ అను బొమ్మల రూపకర్త. ఇరువది యేండ్ల తరువాత, 1989లో, ఆ నురుగు బంతిని గాలి నొత్తిడిచే విసరు గొట్టము వచ్చెను. 1992లో నురుగు బాణమును వేయు చిన్న తుపాకి వచ్చెను. నేడు మన అంగళ్లలో కనబడు బొమ్మలన్నియు, ఏ పేరుతో అమ్ముచున్నను, ఆ వంశమునకు చెందినవే.

దాని లోపలి యంత్రము మిక్కిలి సరళమైనది. మీటను వెనుకకు లాగినపుడు స్ప్రింగు ముడుచుకొనును. మన చేతి బలము అందులో స్థితిజశక్తిగా నిలిచియుండును. గుర్రమును నొక్కినపుడు స్ప్రింగు విచ్చుకొని ముషలకమును ముందుకు నెట్టును. ముషలకము గొట్టములోని గాలిని అదుమును. అదుమబడిన గాలి బాణమును వెలికి త్రోయును. మన ఎనిమిది, తొమ్మిది తరగతుల పుస్తకములలో ముషలకము, కవాటము, పీడనము, ఘర్షణ, గతిజశక్తి యను మాటలను పిల్లలు కంఠస్థము చేయుదురు. ఆ మాటలన్నియు ఈ బొమ్మ డొల్లలో నొక్కచోట, చేతితో తాకుటకు వీలుగా, కూర్చబడియున్నవి.

ఈ పద్ధతి మన ప్రాంతమునకు కొత్తదియు కాదు. జయపురమునకు పడమట, బస్తరు సీమలోని జగదల్‌పూరులో రథయాత్ర దినములందు గోంచా పండుగ జరుగును. ఆ పండుగలో జనులు “తుప్కీ” అను వెదురు గొట్టమును చేతబట్టి జగన్నాథస్వామికి వందనముగా పేల్చుదురు. గొట్టమునకు ముందువైపున పెంగు అను తీగకాయ నొకదానిని దట్టించి, వెనుకనుండి మరియొక కాయను కర్రతో నెట్టుదురు. రెండు కాయలకు నడుమ చిక్కిన గాలి అదిమినకొలది బిగిసి, చివరకు ముందటి కాయను టప్పున వెలికి విసరును. అందు స్ప్రింగు లేదు, ప్లాస్టిక్ లేదు. ఐనను ముషలకమున్నది, పీడనమున్నది. దానిని చేయువారు వెదురును కణుపు చూచి కోయుదురు, కాయ బిగువును చూచి ఎన్నుకొందురు. తన ఆటవస్తువును తానే చేసికొనుట మన కొండల నడుమ పూర్వమునుండి ఉన్న విద్య. కొన్న బొమ్మను విప్పి మార్చుకొను పిల్లవాడు ఆ విద్యకు దూరపు చుట్టమే.

అమెరికాలో పెద్దలును పిల్లలును ఈ బొమ్మలను మార్చుటను చాలకాలముగా ఒక సరదా వృత్తివలె సాగించుచున్నారు. 2005లో మేరీలాండ్ రాష్ట్రపు గౌచర్ కాలేజీలో విద్యార్థులు నురుగు బాణములతో వెంటాడుకొను ఆట నొకదానిని మొదలుపెట్టిరి. అది ఇతర కాలేజీలకు ప్రాకుటతో ఈ సరదా ఇంకను హెచ్చెను. వారు చేయు పనులు ముఖ్యముగా నాలుగు. ముషలకము చుట్టు గాలి కారకుండ రబ్బరు వలయమునకు క్రింద పలుచని టెఫ్లాన్ టేపు చుట్టుదురు. మెత్తని స్ప్రింగును తీసి గట్టిదానిని పెట్టుదురు. బాణమునకు బిగువుగా నుండునట్లు ఇత్తడి గొట్టమునో, వేడినీటికి వాడు అర అంగుళపు సి.పి.వి.సి. గొట్టమునో అమర్చుదురు. కొత్త భాగములకు చోటు చాలనపుడు డొల్ల లోపలి ప్లాస్టిక్ గోడలను చెక్కివేయుదురు.

ఈ చెక్కుడు పనికి వాడునదే రోటరీ టూలు. అది చేతిలో ఇముడు చిన్న మోటారు పనిముట్టు. దాని కొనకు కోత బిళ్ళనుగాని, సానరాయినిగాని, ఇసుక కాగితపు చుట్టనుగాని తగిలింపవచ్చును. ఆల్బర్ట్ డ్రెమెల్ అనునతడు 1932లో విస్కాన్సిన్ రాష్ట్రపు రసీన్ నగరమున స్థాపించిన సంస్థ పేరే ఈ పనిముట్టునకు వాడుక పేరైనది. దాని ఇరుసు నిమిషమునకు 5,000 మొదలు 30,000కు పైగా తిరుగును. రంపముతో గంట పట్టు పని దానితో నిమిషములో ముగియును. పొరపాటు కూడ అంతకంటె త్వరగానే జరిగిపోవును.

ఇక మా విద్యార్థి చేసినదేమో చూతము. వాని పేరు ఇచ్చట అనవసరము. వాడు మేనమామ దుకాణమునుండి రోటరీ టూలు నరువు తెచ్చెను. గొట్టమునకు నడుమ నిలిచియున్న ప్లాస్టిక్ పుల్లను, దాని వెనుకనున్న చిన్న కవాటమును కోసివేసెను. వాని స్థానమున సి.పి.వి.సి. గొట్టమును బిగించెను. స్ప్రింగు వెనుక మరియొక స్ప్రింగును జోడించెను. కొన్న బాణములు పోగొట్టుకొనినందున నురుగుకడ్డీ ముక్కతో సొంతముగా బాణము చేసి, అది నిటారుగా పోవుటకై మొనలో సైకిలు బేరింగు గుండు నొకదానిని అంటించెను.

పనితనము చూచినచో నాకు ముచ్చట వేసినది. కోత చక్కగా నున్నది. గొట్టము నడిమి గీతకు సరిగా కుదిరినది. ఐనను వాడు తీసివేసిన పుల్ల యెందులకో వానికి తెలియదు. అడుగగా, “బొమ్మ పెట్టెమీద బొమ్మలు చూసి చేశానండి, రాసింది అర్థం కాలేదు” అనెను.

ఆ పుల్ల యెందులకు? కొన్న బాణము లోపల బోలుగా నుండును. అట్టి బాణము మాత్రమే పుల్లమీద కూర్చుండును. గోళీకాయనుగాని, పెన్సిలు ముక్కనుగాని, గట్టి మొన గల దేనినిగాని అందులో పెట్టబోయినచో పుల్ల అడ్డగించును. కవాటము కూడ అట్టిదే. సరియైన బాణము కూర్చున్నపుడే గాలికి పూర్తిగా దారి యిచ్చును. ఈ రెండును బలమును కొంత తగ్గించుట నిజమే. అందుచేత వేగమునే కోరువారు మొదట వానినే తీసివేయుదురు. కాని అవి యంత్రములోని లోపములు కావు, కావలివాండ్రు. పిల్లవాడు కావలివానిని పంపివేసి, ఆ తలుపుగుండ ఉక్కు గుండును పంపెను.

ఇపుడు కొంచెము లెక్క చూతము. కొన్న నురుగు బాణము బరువు సుమారు 1 గ్రాము. దాని వేగము సెకనుకు సుమారు 20 మీటర్లు. గతిజశక్తి యనగా ద్రవ్యరాశిని వేగపు వర్గముతో గుణించి సగము చేసినది గదా. ఆ లెక్కన 0.2 జౌలు వచ్చును. వేగము రెట్టింపై 40 మీటర్లయినదనుకొందము. శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లై 0.8 జౌలగును. సైకిలు బేరింగు గుండు చేరుటచే బాణము బరువు 1.4 గ్రాములైనదనుకొందము. అపుడు శక్తి 1.12 జౌలు. అనగా మొదటి దెబ్బకు అయిదున్నర రెట్లు మించినది. అంతేకాదు. మెత్తని మొన చెంపమీద పరచుకొని దెబ్బను పంచును. ఉక్కు గుండు ఆ దెబ్బనంతయు పెసరగింజంత చోట దించును.

పిల్లలు గుర్తుంచుకొనవలసిన లెక్క ఇంకొకటి కలదు. నురుగు బాణము తేలికైనది, లావైనది. గాలి దానిని గట్టిగా అడ్డగించును. ఆ అడ్డగింపు కూడ వేగపు వర్గమునుబట్టియే పెరుగును. కావున వేగము రెట్టింపు చేసినను అది పోవు దూరము రెట్టింపు కాదు, కొలదిగా మాత్రమే పెరుగును. దగ్గర తగులు దెబ్బ మాత్రము నాలుగు రెట్లగును. బలమునకై ప్రాకులాడువానికి దక్కు లాభము స్వల్పము. ఎదుటివానికి కలుగు నష్టము అధికము. ఇది నీతి వాక్యము కాదు, భౌతికశాస్త్రము.

మార్చని బొమ్మలే కన్నును గాయపరచిన సందర్భములున్నవి. లండనులోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి వైద్యులు 2017లో ఒక వైద్యపత్రికలో ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. నురుగు బాణపు దెబ్బచే వారి కంటిలోపల రక్తము చిమ్మినది. వారిలో నొకడు 11 ఏండ్ల బాలుడు. ముగ్గురును కోలుకొనిరి. ఐనను ఈ బొమ్మలతో నాడునపుడు కంటి రక్షణ యవసరమని ఆ వైద్యులు చెప్పిరి. మన దేశమున 2021 జనవరి 1 నుండి 14 ఏండ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరియైనది. ఆ గుర్తు దుకాణములో నున్న బొమ్మకు మాత్రమే వర్తించును. మనము రంపము పెట్టిన నిమిషముననే అది చెప్పు హామీ తీరిపోవును. అటుపైన ఆ బొమ్మకు పూచీదారు దానిని మార్చినవాడే.

రంగు సంగతి కూడ చెప్పవలెను. కొందరు పిల్లలు బొమ్మకు నలుపు రంగు పూసి నిజమైన తుపాకివలె చేయగోరుదురు. అమెరికాలో 1988 నాటి చట్టము ప్రకారము, నిజమైన తుపాకిని పోలిన బొమ్మల మూతికి మెరయు నారింజరంగు గుర్తుండవలెను. 2014 నవంబరులో అచ్చటి క్లీవ్‌లాండ్ నగరపు పార్కులో 12 ఏండ్ల బాలుడొకడు బొమ్మ తుపాకితో నాడుచుండగా, నిజమైనదని భ్రమించిన పోలీసు కాల్పులలో మరణించెను. అది నురుగు బాణపుది కాదు, చిన్న ప్లాస్టిక్ గుండ్లు వేయునది. దాని నారింజరంగు గుర్తు తొలగింపబడి యుండెను. ఆ మరణమునకు బాలుడు కారకుడని నేననుట లేదు. ఒక చిన్న రంగు ముక్క యేల ఉన్నదో పెద్దలు, పిల్లలు అందరును ఎరిగియుండవలెనని మాత్రమే చెప్పుచున్నాను. బొమ్మ బొమ్మవలెనే కనబడవలెను.

ఇంత చెప్పిన తరువాత, “అట్లయిన మాన్పించుటయే మేలు గదా” అని కొందరు తల్లిదండ్రులు అనవచ్చును. వారి మాటను తేలికగా తీసివేయజాలను. తుపాకి రూపమున నున్న ఆటవస్తువు నాకును ఇష్టము కాదు. పిల్లవాడు చక్రమునో, గాలిమరనో, నీటి పంపునో విప్పినచో ఇంకను సంతోషింతును. కాని మనము చిన్ననాడు ఏమి చేసితిమి? పంగల కర్రకు సైకిలు ట్యూబు ముక్క కట్టి ఉండేలు చేసితిమి. దానితో మామిడికాయలు మాత్రమే కొట్టితిమని గుండెమీద చేయివేసికొని చెప్పగలవారెందరు? ఆ ఉండేలును లాగుకొనిన పెద్దలు మనకు స్థితిస్థాపకత నేర్పలేదు. వారు లాగుకొనిన మరునాడు మనము మరియొకటి చేసితిమి. అది వారి కంటబడని చోట చేసితిమి. మాన్పించుట వలన ఆట ఆగదు, చాటునకు పోవును. చాటున జరుగు పనికి కంటి అద్దములుండవు, ప్రక్కన నిలుచు పెద్దవాడుండడు.

ఇక రెండవ యాక్షేపణ. “మా పిల్లలు తెలుగు మాధ్యమములో చదువుచున్నారు. ఈ యంత్రముల విద్య యంతయు ఇంగ్లీషులో నున్నది. వీరికిది అందునా?” అని కొందరు సంకోచింతురు. నాకు ఈ యాక్షేపణయే ముఖ్యము. ఏలయన, మా విద్యార్థి చెల్లెలి కంటికి ముప్పు తెచ్చినది పనిముట్టు కాదు, అర్థము కాని పెట్టెమీది రాత. వాడు ఇంటిలో తెలుగు మాటలాడును. వీధిలో ఒడియా మాటలాడును. ఇంగ్లీషు అక్షరములు చదువును, హెచ్చరికను గ్రహింపలేడు. ఆ పుల్ల యేల ఉన్నదో తెలుగులో రెండు వాక్యములు ఎవరైన చెప్పియున్నచో వాడు దానిని కోసియుండడు. “కోసియుండనండి” అని వాడే నాతో అనెను. అల్పసంఖ్యాకుల బడిలో తెలుగు ఏల యని అడుగువారికి పద్యములను, పండుగలను మాత్రమే చూపుచుందుము. ఇకమీద దీనిని కూడ చూపవలెను. ప్రమాదమును గూర్చిన మాట తల్లి భాషలోనే త్వరగా మనసునకెక్కును.

మాటల కొరత మనకు లేదు. వడ్రంగి కొట్టులో ఆకురాయి, చిత్రిక, పట్టకారు ఉన్నవి. సైకిలు కొట్టులో వాషరు, నట్టు, బేరింగు ఉన్నవి. పుస్తకములో ముషలకము, కవాటము ఉన్నవి. కొట్టు మాట కొట్టులోను, పుస్తకపు మాట పుస్తకములోను విడివిడిగా ఉండిపోవుటయే మన కొరత. విప్పిన బొమ్మ యెదుట కూర్చున్నపుడు ఆ రెండు మాటలును ఒకే నోట పలుకును. ఆనాడు మా పిల్లవాడు ముషలకమును చూపి, “ఇది వాషరు అరిగితే గాలి వదిలేస్తుందండి” అనెను. పరీక్షలో ఇంత చక్కని జవాబును నేను చూచి చాలకాలమైనది.

కావున మాన్పింపక నేర్పుద మనియే నా అభిప్రాయము. నేర్పుటకు కొన్ని కట్టుబాట్లు కావలెను. విప్పుటకు ముందు స్ప్రింగు ముడుచుకొని యున్నదేమో చూచి, గుర్రమును నొక్కి దానిని వదలింపవలెను. ముడుచుకొనిన స్ప్రింగు డొల్ల తెరచిన క్షణమున ముఖముమీదికి ఎగురును. కాగితముమీద తుపాకి ఆకారమును గీసి, ఏ మరమేకు ఎచ్చటిదో అచ్చటనే గ్రుచ్చవలెను. ఏ భాగమునైనను తీయుటకు ముందు, “ఇది యేల ఉన్నది?” అను ప్రశ్నకు జవాబును నోటుపుస్తకములో తెలుగున వ్రాయవలెను. వ్రాయలేనిదానిని తీయరాదు. ఈ యొక్క నియమము తక్కిన నియమములన్నిటికంటె ఎక్కువ అని నా యుద్దేశము.

రోటరీ టూలును పెద్దవారు ప్రక్కన లేక ముట్టరాదు. ముట్టువానికి కండ్లను పూర్తిగా కప్పు అద్దములు, ముక్కునకు గుడ్డ ఉండవలెను. వ్రేలాడు చొక్కా చేతులు, ఓణీ, విడిచిన జడ ఇరుసునకు చుట్టుకొనును. వానిని బిగించి కట్టుకొనవలెను. కోయు వస్తువును చేతిలో పట్టుకొనక పట్టుడులో బిగింపవలెను. కోత బిళ్ళ పలుచనిది. వంచినచో పగిలి చిమ్మును. బొమ్మల డొల్ల తరచుగా ఏ.బి.ఎస్. అను ప్లాస్టిక్‌తో చేయబడును. అది నూరు డిగ్రీలు దాటగానే మెత్తబడును. వేగము హెచ్చించినచో కోత తెగక, కరగి బిళ్ళకు అంటుకొనును. కనుక తక్కువ వేగమున, ఆగి ఆగి కోయవలెను. చివరి నూలువాసి కోతను ఆకురాయితోనే తీర్చవలెను. రబ్బరు వలయమునకు కిరసనాయిలు తగులనీయరాదు. రబ్బరు ఉబ్బి పాడగును. సిలికాన్ గ్రీసు చాలును.

పందెమును గూర్చి ఒక మాట. “ఎవరిది గట్టిగా కొట్టును?” అను పందెమును మన బడిలో ఉంచరాదు. “ఎవరిది గురి తప్పదు?” అను పందెమును ఉంచవలెను. స్ప్రింగు మార్చరాదు, పుల్ల తీయరాదు, కొన్న మెత్తని బాణమును తప్ప వాడరాదు. గాలి కారుటను ఆపుట, ముషలకము జారుడును సరిచేయుట, గుర్రపు కదలికను మెత్తపరచుట, పట్టుకు చెక్కపిడి చేసి అమర్చుట, ఇవి యన్నియు చేయవచ్చును. మనుష్యునికిగాని, జంతువునకుగాని గురి పెట్టరాదు. గోడమీది సుద్దవలయము చాలును. అమెరికాలో కలసి ఆడు పలుచోట్ల సైతము కంటి అద్దములు లేనివానిని ఆటలోనికి రానీయరు. తుపాకి వేగమును కొలిచి, హద్దు మీరినదానిని ప్రక్కన పెట్టింతురు. సరదాలో ముందున్నవారే కట్టుబాటులోను ముందున్నారని మన పిల్లలు తెలిసికొనవలెను.

వేగమును కొలుచుటకు మనకు ఖరీదైన యంత్రము అక్కరలేదు. బొమ్మను నేలకు 1.25 మీటర్ల యెత్తున సరిమట్టముగా నుంచి పేల్చవలెను. ఆ యెత్తునుండి వస్తువు నేలను చేరుటకు సుమారు అర సెకను పట్టును. బాణము పడిన చోటికి దూరమును మీటర్లలో కొలిచి రెట్టింపు చేసినచో సెకనుకు ఇన్ని మీటర్లని వేగము వచ్చును. గాలి అడ్డగింపు వలన అసలు వేగము ఇంతకంటె ఎక్కువయే యుండును. ఐనను మార్పునకు ముందు, మార్పు తరువాత పది పది సారులు కొలిచి సరాసరి తీసినచో, మనము చేసిన పనికి ఫలితమేమో తెలియును. కొలువక చేసిన మార్పు ఊహ మాత్రమే.

తండ్రిగారితో ఈ సంగతులన్నియు మాటలాడుటకు మరల వారి యింటికి పోయితిని. ఆయన కోపము పూర్తిగా చల్లారలేదు. చల్లారవలసిన పనియు లేదు. బిడ్డ కంటిని గూర్చిన కోపము అది. చెల్లెలు మాత్రము చెంపమీది మచ్చను మరచి, “అన్నా, దాని లోపల ఏముందో నాకూ చూపించవా?” అని అడుగుచుండెను. ఆ మాట విని ఆయన కొంతసేపు మిన్నకుండి, “శనివారం మీ గదిలోనే, మీ ఎదుటే అయితే సరే” అనెను. రోటరీ టూలును తన బీరువాలో పెట్టి తాళము వేసికొనెను. తాళము చెవి బడి పని యున్ననాడు మాత్రమే ఇత్తుననెను. ఇంతకంటె మంచి ఏర్పాటును నేను సైతము చెప్పజాలను.

తల్లిదండ్రులకు నా మనవి యిది. మీ బిడ్డ బొమ్మను విప్పిన నాడు మొదట బొమ్మ ఖరీదును గూర్చి అడుగకుడు. “ఇది యేమి? ఇది యేల?” అని అడుగుడు. వాడు చెప్పలేకపోయినచో వానిని మా యొద్దకు పంపుడు. పాత కంటి అద్దములు, పట్టుడు, ఆకురాళ్లు ఎవరి యింట మూలబడి యున్నను బడికి ఇచ్చినచో స్వీకరింతుము. వడ్రంగము, సైకిలు పని తెలిసిన తండ్రులు శనివారము ఒక గంట వచ్చి కూర్చుండగలిగినచో, పుస్తకము చెప్పలేని మాటలు పిల్లలకు వారి నోట దొరకును.

విద్యార్థులకు వేరుగా చెప్పవలసినది కొంచెమే. మీలో బొమ్మ విప్పదలచినవారు, బాలురైనను బాలికలైనను, నోటుపుస్తకముతో రండు. మా గది బల్లమీద రెండు చెక్కలైన ఆ నీలి బొమ్మ యింకను ఉన్నది. కోసిన పుల్ల స్థానమున కొత్తదానిని ఆకురాయితో తీర్చి అమర్చుటకు దాని యజమాని మూడు వారములుగా పాటుపడుచున్నాడు. రెండు పుల్లలు విరిగినవి. మూడవది సగము కుదిరినది. అది పూర్తియైన పిమ్మట, పుల్ల యేల ఉన్నదో వాని చేతనే మన పత్రికకు వ్రాయింతును.